విటమినుల కొలతలు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)



ఈ రజతోత్సవ సభలో భారతమును గూర్చియో, ఏదేని ప్రబంధమును గూర్చియో మాట్లాడుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. నాకును అదియే యిష్టము. కాని కడచిన దసరా రోజులలో మన గ్రంథాలయమున, ఆ పత్రికల బల్లయొద్ద కూర్చుండి, పదిమంది వినుచుండగా నేనొక తప్పులెక్క చెప్పితిని. విన్నవారిలో ఒకరు దాని ప్రకారము నడచుకొనిరి కూడ. కావున కావ్యమును మరియొక నాటికి వాయిదా వేసి, రక్తమునందును ఆహారమునందును విటమినులను ఎట్లు కొలుతురో నేడు మనవి చేసికొందును. నేను వైద్యుడను కాను. రసాయనశాస్త్రము చదివినవాడను కాను. కర్లపాలెములో లెక్కలు వ్రాసికొని బ్రతుకువాడను. ఈ విషయమున నాకు తెలిసినదంతయు తప్పు చేసిన తరువాత తెలిసికొన్నదే.

జరిగిన దేమనగా, నా భార్యకు రెండేండ్లుగా నడుము నొప్పి, పిక్కలలో లాగుడు. వైద్యులు రక్తపరీక్ష చేయింపు డనిరి. ఒక పట్టణములో చేయించితిమి. కాగితముపై విటమిను డి 18 అని వచ్చినది. 20కి తక్కువైనచో లోపమని ప్రక్కనే అచ్చు వేసియున్నది. వారమున కొకటి చొప్పున ఎనిమిది వారములు పాలలో కలిపి త్రాగుటకు పొడి పొట్లములు వ్రాసియిచ్చిరి. గడువు తీరిన పిమ్మట వేరొక పట్టణమునకు పెండ్లికి పోయి, పనిలో పనిగా అక్కడ మరల పరీక్ష చేయించితిమి. ఈసారి 52 వచ్చినది. 18 ఎక్కడ, 52 ఎక్కడ! దాదాపు మూడింతలైనదని నేను పొంగిపోతిని. ఊరికి వచ్చి ఆ బల్లయొద్ద ఆ మాటయే చెప్పితిని. చెప్పి ఊరకుంటినా? “50 దాటువరకు మందు విడువరాదు, దాటినచో ఆపివేయవచ్చును” అని సలహా కూడ ఇచ్చితిని. నా భార్య నొప్పి మాత్రము ఉన్నచోటనే ఉన్నది. వయస్సు వచ్చినది గదా యని త్రోసిపుచ్చితిని.

సంక్రాంతికి ముందు కాగితములు సర్దుచు ఆ రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచినప్పుడు, అంకెల ప్రక్కన చీమతలకాయలంత అక్షరములు కంటబడినవి. మొదటి కాగితములో మిల్లీలీటరునకు నానోగ్రాములు. రెండవదానిలో లీటరునకు నానోమోలులు. ఇరువది ఐదేండ్లకు పైగా కొలతలతో కాపురము చేసినవాడను, కొలమానము చదువక అంకె చదివితిని!

మా పెద్దమ్మాయిని నల్లగొండ వైపు ఇచ్చితిమి. అచ్చట పొలమును కుంటలలో చెప్పుదురు. ఎకరమునకు 40 కుంటలు. మనకు ఎకరమునకు 100 సెంట్లు. కుంట యనగా రెండున్నర సెంట్లు. మా వియ్యంకులు 20 కుంటలన్నచో అది మన 50 సెంట్లే. విచిత్రమేమనగా విటమిను డి విషయమునను లెక్క అచ్చముగా అంతే. మిల్లీలీటరునకు ఒక నానోగ్రామనగా లీటరునకు రెండున్నర నానోమోలులు. 52ను రెండున్నరతో భాగించి చూచితిని. 20.8 వచ్చినది. నేను మూడింతలనుకొన్నది 18 నుండి 21 దగ్గరకు ప్రాకినది, అంతే.

ఎనిమిది పొట్లములు త్రాగిన మనిషికి ఇంత తక్కువ పెరుగుదల యేమని అడుగగా, ఆమె లోపలికి పోయి బియ్యపు డబ్బా వెనుకనుండి ఐదు పొట్లములు తెచ్చి నా చేతిలో పెట్టినది. “వేడి చేస్తోందని మానేశానండీ. చెబితే మీరు కేకలేస్తారని చెప్పలేదు” అన్నది. కొలమానము సరిగా చదివియుండినచో ఆ సంగతి కాగితమే నాకు దసరాకు చెప్పియుండును.

ఇక నా సలహా విన్న యువకుని సంగతి. అతని తల్లికి అప్పటికే 32 ఉన్నది. అది నానోగ్రాములలో, అనగా చాలినంత. కాని 50 దాటవలెనని నేను చెప్పితిని గదా! అతడు వైద్యుని అడుగకయే మందుల కొట్టునుండి పొట్లములు తెచ్చి మూడు నెలలు పోయించెను. విటమిను డి శరీరములో నిలువయుండునది. మితిమీరినచో రక్తమున కాల్షియమును పెంచి వాంతులు, మూత్రపిండములకు చేటు తెచ్చును. నేను పరుగున పోయి చెప్పితిని. వైద్యులు పరీక్షించి మందు మాన్పించిరి; ఆమెకు ఏ కీడును కలుగలేదు. ఆ తల్లి ఈ సభలో కూర్చుండి యున్నారు. వారికి నా క్షమాపణ.

అయినను నాకొక సందేహము మిగిలినది. 18కిని 21కిని నడుమ నున్న ఆ మూడు, త్రాగిన మూడు పొట్లముల ఫలమా, లేక రెండు పరీక్షాలయముల తేడాయా? దీనిని తేల్చుకొనబోయి, అసలు ఈ కొలత యెట్లు పుట్టినదో చదువుట మొదలుపెట్టితిని.

నానోగ్రామనగా గ్రామును నూరుకోట్ల భాగములు చేయగా అందొక భాగము. సామాన్యపు త్రాసు దానిని నేరుగా తూచలేదు. పొలము సరిహద్దు రాయి మాయమైనచో ఏమి చేయుదుము? సాక్షులను పిలుతుము. విటమినుల కొలత కూడ అట్లే సాక్షుల మీద నడచినది. మొదటి సాక్షి పక్షి.

జావా ద్వీపమున ఐక్మన్ అను డచ్చి వైద్యుడు 1890 తరువాత కోళ్లకు తెల్లగా మరపట్టిన బియ్యపు అన్నము పెట్టగా వాని కాళ్లు పడిపోవుటను, తవుడు పెట్టగా లేచి తిరుగుటను కనిపెట్టెను. మనుష్యులలో బెరిబెరి యను జబ్బు లక్షణములును ఇట్టివే: కాళ్ల తిమ్మిరి, నీరసము, వాపు, తుదకు గుండె ఆగుట. ఇది ఎక్కడి జావా కథయో అనుకొనవలదు. మన దేశమున ఈ జబ్బు పాతుకొనిన చోటు ఉత్తర సర్కారులే, అనగా మన కోస్తా జిల్లాలే. 1918లో కూనూరులో మెక్కారిసన్ దొరగారు ఒక చిన్న గదిలో పరిశోధన ప్రారంభించినప్పుడు దానికి పెట్టిన పేరే బెరిబెరి విచారణ శాఖ. 1924లో ఆయనయు నోరిస్ అను నతడును కలిసి, మన దేశమున బెరిబెరికిని బియ్యమునకును గల సంబంధముపై గ్రంథము వెలువరించిరి. ఉప్పుడు బియ్యము తిను దక్షిణాది వారికి లేని జబ్బు పచ్చిబియ్యము మరపట్టించుకొని తిను మనవారికేల వచ్చినది? వడ్లను నానబెట్టి ఉడికించినప్పుడు పై పొరలలోని విటమిను గింజ లోనికి ఇంకును. తరువాత మర ఎంత గీసినను కొంత నిలుచును. పచ్చివడ్లను మరపట్టినచో అది తవుడుతో పోవును. మిగిలినదానిని మనము కడిగి పారబోయుదుము. గంజి వార్చి పశువుల తొట్టిలో పోయుదుము. మన గేదెలకు బెరిబెరి రాకపోవుటలో ఆశ్చర్యము లేదు!

1926లో జావాలోనే జాన్సెన్, డొనాత్ అనువారు తవుడునుండి ఆ పదార్థమును స్ఫటికములుగా వేరుచేసిరి. దానినే నేడు థయామిను, అనగా విటమిను బి1 అందురు. వారి త్రాసు కూడ పిచ్చుకలవంటి చిన్న పక్షులే. ఏ ముక్కలో విటమిను ఉన్నదో పక్షి కోలుకొనుటను బట్టి తెలిసికొనిరి. అయితే పక్షి సాక్ష్యమునకు రోజులు పట్టును. ఒక పక్షి చెప్పినట్లు వేరొకటి చెప్పదు.

కావున రెండవ సాక్షిగా కాంతిని పిలిచిరి. 1936లో వచ్చిన పద్ధతి యిది. బియ్యమును నూరి, సారము తీసి, క్షారములో ఒక రసాయనముతో కలిపినచో థయామిను థయోక్రోము అను పదార్థముగా మారును. చీకటిలో అతినీలలోహిత కిరణములు సోకించినప్పుడు అది నీలముగా మెరయును. మెరపు ఎంతయో విటమిను అంత. దీనితో పక్షులకు సెలవు దొరికినది. కూనూరు సంస్థ 1958లో హైదరాబాదునకు తరలివచ్చినది. 1969 నుండి జాతీయ పోషకాహార సంస్థ యను పేరున నడచుచున్నది. వారు 1971లో ప్రకటించిన పట్టికలలో నూరు గ్రాముల దంపుడు పచ్చిబియ్యములో థయామిను 0.21 మిల్లీగ్రాములు, మరపట్టిన పచ్చిబియ్యములో 0.06. ఈ రెండంకెల నడుమ ఒక తరము కోస్తావారి కాళ్ల తిమ్మిరి యున్నది. మన ప్రక్క బాపట్లలో పుట్టి 1986లో విడుదలైన సాంబ మసూరి బి.పి.టి. 5204 వంగడము దేశమంతట పేరు తెచ్చుకొన్నది. దానిని మల్లెపూవువలె తెల్లగా పట్టించుకొనుట మాత్రము వంగడపు దోషము కాదు.

రంగును సాక్షిగా పిలుచుటలో మన తెలుగువాడొకడు జగత్ప్రసిద్ధుడు. భీమవరములో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో ఫిస్కే యను ఆచార్యునితో కలిసి 1925లో రక్తమునందలి భాస్వరమును నీలిరంగు గాఢతను బట్టి కొలుచు పద్ధతిని ప్రకటించిరి. భాస్వరము విటమిను కాదు గదా యందురేమో. కాని విటమిను డి లేక పిల్లల యెముకలు వంగు రికెట్సు జబ్బులో రక్తమున భాస్వరము పడిపోవుట సామాన్యము. విటమిను డిని నేరుగా కొలువలేని కాలమున వైద్యులకు దారి చూపినవానిలో భాస్వరపు లెక్క ఒకటి.

ఆయన కథ అంతటితో ఆగలేదు. 1930 ప్రాంతమున లూసీ విల్స్ అను వైద్యురాలు బొంబాయిలో మిల్లు పనిచేయు గర్భిణులకు వచ్చు ఒక విధమైన రక్తహీనతను ఈస్టు సారముతో కుదిర్చినది. ఆ సారములో నున్నదేమో తెలియదు. దానిని పట్టుకొనుటకు దొరికిన సాక్షి ఒక సూక్ష్మజీవి, లాక్టోబాసిల్లస్ కేసై. పాలను తోడుబెట్టు జాతిలోనిది. ఆ జీవికి తక్కిన ఆహారమంతయు ఇచ్చి, ఈ యొక్క విటమినును మాత్రము ఇవ్వక ఉంచుదురు. పరీక్షింపవలసిన సారమును చుక్క వేసినచో, అందులో విటమిను ఉన్నంత మేరకు జీవి పెరుగును. గొట్టములోని ద్రవము మబ్బుపట్టును, పులుపెక్కును. మబ్బును గాని పులుపును గాని కొలుతురు. మన ఇండ్లలో తోడు ఎంత బాగుగా పడినదో చూచి పాల సంగతి చెప్పు ముదుసలులు లేరా! ఈ కొలబద్దతోనే సుబ్బారావుగారి బృందము కాలేయమునుండి ఫోలిక్ ఆమ్లమును వేరుచేసి, 1945లో దానిని ప్రయోగశాలలోనే తయారుచేసినట్లు ప్రకటించినది. ఆయన సోదరులు స్ప్రూ అను ప్రేగుల వ్యాధితో పోయిరి. ఆ వ్యాధిలోని రక్తహీనతకు ఈ ఫోలిక్ ఆమ్లమే మందైనది. నేడు మన యూరి గర్భిణులకు ఇచ్చు ఇనుపమాత్రలో ఆ పదార్థము కలదు. ఈ సూక్ష్మజీవి సాక్ష్యమునకును ఒక దోషమున్నది. రోగి అంతకుముందే సూక్ష్మజీవులను చంపు మందు వాడియున్నచో ఆ రక్తము పడి సాక్షియే చచ్చును. అప్పుడు విటమిను లేనట్లు తప్పుగా అంకె వచ్చును.

హైదరాబాదులోని పోషకాహార సంస్థలో మహతాబ్ బాంజీ గారు 1969లో ప్రకటించిన పద్ధతి నాకు అన్నిటికంటె నచ్చినది. విటమిను బి2 తక్కువైనచో పెదవుల మూలలు పగులును, నాలుక పూయును. రక్తములో బి2 ఎంత ఉన్నదని ఆమె అడుగలేదు. ఉన్నది చాలుచున్నదా యని అడిగిరి. ఎఱ్ఱకణములలో ఒక ఎంజైము కలదు. బి2 నుండి తయారగు ఒక తోడు పదార్థము లేనిదే అది పనిచేయదు. ముందు ఆ ఎంజైము ఎంత చురుకుగా పనిచేయుచున్నదో కొలుతురు. తరువాత ఆ తోడు పదార్థమును బయటినుండి పోసి మరల కొలుతురు. ఇది మన రైతు చేయు పనియే. పొలము తడిసినదో లేదో చూడవలెనన్నచో నీరు వదలి చూచును. నీరు పైనే నిలిచినచో తడిసినట్లే; గుటుక్కున త్రాగినచో ఎండినట్లే. రెండవ చురుకును మొదటిదానితో భాగించగా 1కి దగ్గరగా వచ్చినచో చాలినంత ఉన్నదని, 1.4 దాటినచో లోపమని సామాన్యముగా చెప్పుదురు. ఈ అంకెలో ఇంకొక చమత్కారము చూడుడు. ఇందు పెద్ద అంకె వచ్చుట చెడ్డ. కాగితముపై అంకె పెరిగినదని నావలె పొంగిపోవువానికి ఇక్కడ రెట్టింపు ప్రమాదము.

విటమిను ఏ సంగతి ఒక్కమాటలో చెప్పెదను. దానిని కాలేయము కొట్టులో ధాన్యమువలె దాచియుంచి, రక్తములోనికి దినవెచ్చమునకు తగినంత వదలుచుండును. కొట్టు దాదాపు అడుగంటువరకు రక్తములోని అంకె తగ్గదు. గల్లాపెట్టెలో నగదు సరిపోయినదని గాదె నిండియున్నదనుకొనరాదు. జ్వరము వచ్చినప్పుడు పరీక్షించినచో కొట్టు నిండియున్నను రక్తములో తక్కువ చూపును. రేచీకటి వచ్చిన బిడ్డకు కాగితము కొఱకు ఆగక మందు వేయుట అందుచేతనే. ఆరునెలల కొకమారు పిల్లలకు పెద్దమోతాదు విటమిను ఏ ఇచ్చు పథకము 1970లో దేశమున ఆరంభమైనది; దానికి మూలమైన పరిశోధన హైదరాబాదు సంస్థదే.

ఆహారపు కొలతకు వత్తును. ఇక్కడ మన భారతము పనికివచ్చినది. అరణ్యపర్వములో నలోపాఖ్యానమున ఋతుపర్ణుడు రథముపై పోవుచు తాండ్రచెట్టు ఆకులను కాయలను ఒక్కచూపున లెక్కచెప్పెను. బాహుకుడై యున్న నలుడు నమ్మక, చెట్టునే పడగొట్టి లెక్కించెను. ఆహారమును పరీక్షించువారికి నలుని దారి లేదు. దేశములోని ఉసిరికాయలన్నిటిని నూరలేరు గదా. ఋతుపర్ణునివలె కొన్నిటిని చూచి అన్నిటి లెక్క చెప్పవలెను. అందుకే ఎక్కడివి తీసిరి, ఎన్ని తీసిరి, ఎట్లు కొలిచిరి యను మూడును అంకెతోపాటు చదువవలెను. 1971 పట్టికలో నూరు గ్రాముల ఉసిరికాయలో విటమిను సి 600 మిల్లీగ్రాములు. 2017లో అదే సంస్థ ఆరు ప్రాంతములనుండి తెప్పించిన 528 ఆహారములతో క్రొత్త పట్టిక ప్రకటించినది; అందు ఉసిరికాయకు 252. ఉసిరికాయ చెడిపోయినదని అంగలార్చనక్కరలేదు. పాతకాలపు పద్ధతిలో ఒక రంగునీటిని బొట్టుబొట్టుగా వేసి, ఎన్ని బొట్లు వెలిసిపోవునో చూచెడివారు. విటమిను సి వలెనే రంగును వెలయజేయు ఇతర పదార్థములును ఆ లెక్కలో కలియవచ్చును. ఇప్పటి యంత్రము సారమును గొప్ప ఒత్తిడితో సన్నని గొట్టమున పంపి, ఒక్కొక్కదానిని విడదీసి కొలుచును. కాయ జాతి, పక్వము, కోసి ఎన్ని దినములైనదియు లెక్కను మార్చును.

మన చౌకదుకాణపు బియ్యములో ప్లాస్టిక్ గింజలున్నవని గోల పుట్టిన సంగతి మీకు జ్ఞాపకముండును. అవి బియ్యపు పిండిలో ఇనుము, ఫోలిక్ ఆమ్లము, విటమిను బి12 కలిపి గింజల రూపమున తీసినవి. నూటికొకటి చొప్పున కలిపెడివారు. ఒక్క గుప్పెడు తీసి పరీక్షకు పంపినచో ఒకనికి ఎక్కువ, ఒకనికి తక్కువ వచ్చును. ధాన్యము కొనువాడు బస్తాకు నాలుగు వైపుల గొట్టము గ్రుచ్చి చూచినట్లు, పలుచోట్లనుండి తీసి, కలిపి, నూరి పరీక్షింపవలెను.

ఇక నా మొదటి సందేహము. విటమిను డి పరీక్షలో సాధారణముగా కొలుచునది ఆ విటమినును కాదు. కాలేయము దానినుండి తయారుచేయు, రక్తములో వారములకొలది నిలుచు వేరొక రూపమును. మన పట్టణములలో సామాన్యముగా ప్రతిరక్షకములతో పట్టి కొలుచు యంత్రములుండును. ప్రతిరక్షకము తన పదార్థమును పోలినదానిని కూడ ఒక్కొక్కసారి పట్టుకొనును. అణువుల బరువును బట్టి పోల్చు యంత్రములు ఇంకను నిక్కచ్చియైనవి, ఖరీదైనవి. ఒక్క రక్తమునే రెండు పద్ధతులతో కొలిచినచో రెండు మూడు నానోగ్రాముల తేడా వచ్చుట వింత కాదు. ఈ తేడాలను సరిచేయుటకు 2010లో అమెరికా ప్రభుత్వ సంస్థలు ఇతర దేశములవారితో కలిసి ఒక కార్యక్రమము మొదలుపెట్టినవి. జుట్టు రాలకుండుటకు బయోటిను మాత్రలు మ్రింగువారు ఆ మాట పరీక్షాలయమున ముందుగా చెప్పవలెను. కొన్ని యంత్రములు ఆ బయోటినుచేత మోసపోవును. కనుక 18కిని 21కిని నడుమ నున్న మూడును పొట్లముల ఖాతాలో వ్రాయుటకు నాకు హక్కు లేదు. రెండు కాగితములు, రెండు ఊళ్లు, రెండు పద్ధతులు. ఆ పద్దును కొట్టివేసితిని.

తరువాత మేము చేసినది యిది. వైద్యులను మరల అడిగి, వారు చెప్పినట్లు ఎనిమిది పొట్లములను నా యెదుటనే త్రాగించితిని. మొదట పోయిన పరీక్షాలయమునకే మరల పోతిమి. అదే యంత్రము, అదే కొలమానము. ఈసారి 33. నొప్పి కొంత తగ్గినది.

మీలో ఎవరియొద్దనైన ఇట్టి కాగితములున్నచో ఆదివారము సాయంత్రము ఆ పత్రికల బల్లయొద్దకు తెండు. మందు సంగతి వైద్యులను అడుగవలె. కొలమానము మాత్రము నేను చదివి పెట్టెదను. మూడవ కాగితము తెచ్చిననాడు నేను కండ్లజోడు పెట్టుకొని చిన్న అక్షరములు వెదకుచుండగా, నా భార్య వంటింటినుండియే అడిగినది: “ఇంతకీ ఇవి కుంటలా, సెంట్లా అండీ?”